పేపర్లో కళల వార్తలు: అపోహలు - వాస్తవాలు

దినపత్రిక డెస్కులో సాంస్కృతిక వార్తలు దిద్దే ఉద్యోగం నాది. కళాకారులు, సభల నిర్వాహకులు ఫోన్ చేసి నిలదీసే మాటలు ఇంచుమించు ఒకటే.

అపోహ: విలేకరులకు కళలంటే చులకన. అతిథుల ప్రసంగాలన్నీ రాసి, నాట్యాన్ని మాత్రం ‘ఆద్యంతం అలరించింది’ అని తేల్చేస్తారు.

వాస్తవం: ఆహ్వానపత్రంలో ఆరున్నర అని ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, పెద్దల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి ఎనిమిది దాటుతుంది. జిల్లా పేజీలేమో తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా ప్రెస్సుకు వెళ్లిపోవాలి. విలేకరి శాలువా ఫొటో తీసుకుని, దారిలో ఇంకో సభ చూసుకుని వార్త పంపేస్తాడు. కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద కాలు మోపే వేళకి, ఆమె ‘ఆద్యంతం అలరించిన’ సంగతి మా పేజీకెక్కి కూర్చుంటుంది. ఆ మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొట్టేస్తే వార్తలో నాట్యం ఊసే మిగలదు కనుక వదిలేస్తాను. ప్రదర్శన ముందు, సన్మానం తర్వాత పెట్టుకోమని చెబితే నిర్వాహకులందరూ బాగుందంటారు. ముఖ్య అతిథి మధ్యలో లేచి వెళ్లిపోతారేమోనన్న భయంతో ఒక్కరూ పాటించరు.

అపోహ: పక్కవాద్యాల వారి పేర్లు కావాలనే తీసేస్తారు.

వాస్తవం: పేజీలో ముందు ప్రకటనలకు చోటు కేటాయిస్తారు, మిగిలిన జాగా వార్తలది. ఆఖరి నిమిషంలో మరో ప్రకటన వస్తే వార్తను కింది నుంచి కత్తిరిస్తాం. మీరు పంపే ప్రెస్ నోట్‌లో అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి మొదటి పేరాలో ఉంటారు. వయొలిన్, మృదంగం, ఘటం చివరి పేరాలో ఉంటాయి. కత్తెర ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? గాయకుడి పేరున్న వాక్యంలోనే పక్కవాద్య కళాకారుల పేర్లూ రాసి పంపండి.

అపోహ: డబ్బు ముట్టజెబితేనే వేస్తారు.

వాస్తవం: వార్తలా కనిపించే ప్రకటనలు ఉన్నాయి, కాదనను. అయితే త్యాగరాజ ఆరాధన గురించి సింగిల్ కాలమ్ వేయడానికి పైసా అక్కర్లేదు. సకాలంలో అందితే చాలు.

అపోహ: పేపర్లో పడితే రాష్ట్రమంతా చూస్తుంది.

వాస్తవం: 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు తెచ్చాక మిగతా పత్రికలూ ఆ బాట పట్టాయి. అంతకుముందు పేపర్లో చోటే దొరకని ఒగ్గు కథకులకు, చిందు యక్షగానం బృందాలకు సొంత జిల్లా పేజీలో ఫొటోతో సహా వార్త రావడం అప్పుడే పెరిగింది. మేలు అక్కడితో ఆగింది, ఎందుకంటే ఆ పేజీ జిల్లా పొలిమేర దాటదు. రవీంద్రభారతిలో కచేరీ జరిగితే మచిలీపట్నం పాఠకుడికి తెలియదు, అక్కడి హరికథ సంగతి హైదరాబాద్‌కు చేరదు.

దీని ఫలితం జనవరి 25 రాత్రి మా డెస్కులో చూడాలి. పద్మ పురస్కారాల జాబితా వస్తుంది. 2021లో గోండుల గుస్సాడీ నృత్య కళాకారుడు కనకరాజు, 2024లో బుర్ర వీణ వాయించే దాసరి కొండప్ప, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య ఈ జాబితాలోని వారే. ఇలాంటి పేరు కనబడగానే అందరం పరుగులు పెడతాం. ఊరేది, గురువెవరు, ఆ వాద్యం ఎలా ఉంటుంది? చివరికి ఆ మండలం కంట్రిబ్యూటర్‌కే, అంటే జీతం లేని స్థానిక విలేకరికే, ఫోన్ చేస్తాం. అచ్చయిన నిడివిని బట్టి లైన్ ఎకౌంట్ కింద నాలుగు డబ్బులు తీసుకునే ఆ మనిషి, ఎప్పుడో జిల్లా పేజీకి రాసిన చిన్న వార్తే మొదటి పేజీ కథనానికి ఆధారమవుతుంది.

అపోహ: సాహిత్యానికి వారానికో పేజీ ఇచ్చి, సంగీత నాట్యాలకు ఇవ్వకపోవడం వివక్ష.

వాస్తవం: కొంత నిజమే. ‘ఆంధ్రపత్రిక’ ఉగాది సంచికల కాలం నుంచీ తెలుగు పత్రికలు సాహిత్యంతో చుట్టరికం కలుపుకున్నాయి. కవిత మొత్తం కాగితం మీద పడుతుంది, కల్యాణి రాగాలాపన పడదు. పైగా మా వృత్తిలో కవులకు కొదవ లేదు, తాళం వేయగలవారే తక్కువ. కచేరీ సమీక్ష రాసేవారు రెండున్నర గంటలు కూర్చోవాలి, దానికిచ్చే పారితోషికం ఆటో ఖర్చులకు చాలదు. ఇన్నిటికీ ఓర్చి ఎవరైనా శ్రుతి నిలవలేదని ఒక్క వాక్యం రాస్తే, అంతవరకూ ‘నిజమైన విమర్శ ఏదండీ?’ అని అడిగినవారే మర్నాడు ఉదయాన్నే ఎడిటర్‌కు ఫోన్ చేస్తారు.