మిరప చేలో చేతి లెన్స్: అపోహలు – వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల మిరప రైతులకు సలహాలు చెబుతూ తిరిగే నాలాంటి వాళ్ల మెడలో దారానికి ఒక చిన్న మడత లెన్స్ వేలాడుతుంటుంది. బంగారం షాపులో రాళ్లు చూడటానికి కంటికి పెట్టుకునే లెన్సే ఇదీను. ఈ మధ్య రైతులు కూడా కొంటున్నారు. సంతోషమే, కానీ దాని మీద వింటున్న మాటలు కొన్ని సరిచేయాలి.

అపోహ: ఎన్ని ఎక్స్‌లు ఎక్కువుంటే అంత మంచిది.

వాస్తవం: ఎక్స్ అంటే వస్తువు ఎన్ని రెట్లు పెద్దగా కనపడుతుందో చెప్పే అంకె. చేలో పనికి 10ఎక్స్ చాలు, నల్లి (ఆకుల రసం పీల్చే, సాలీడు జాతి చిన్న జీవి) గుడ్లు కూడా చూడాలనుకుంటే 20. పవర్ పెరిగేకొద్దీ కనపడే మేర చిన్నదైపోతుంది, ఆకును మరీ దగ్గరికి తేవాలి, చెయ్యి కొంచెం కదిలినా మసకే. 10ఎక్స్‌కి ఆకు సుమారు 2.5 సెంటీమీటర్ల దూరంలో స్పష్టంగా కనిపిస్తుంది. 20ఎక్స్‌కి అందులో సగం. ఈ లెక్కతోనే మోసాన్నీ పట్టుకోవచ్చు. ఆన్‌లైన్లో 30ఎక్స్ అని చెక్కి అమ్మేవి బోలెడు. నిజంగా 30 అయితే కాగితం మీది అక్షరం 8 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తేగానీ తేటగా కనపడదు. అంగుళం దూరంలోనే చక్కగా కనపడుతోందంటే మీరు కొన్నది పదే. కొనేటప్పుడు ఎక్స్‌ల కంటే ట్రిప్లెట్ అవునా కాదా అని అడగండి. అందులో మూడు అద్దాలు అతికించి ఉంటాయి కాబట్టి అంచుల్లో గీతలు వంకరపోవు, రంగులు చిమ్మవు. రూళ్ల నోటు పుస్తకం మీద పెట్టి చూస్తే షాపులోనే తేలిపోతుంది.

అపోహ: ఆకు మీద లెన్స్ పెట్టి, మనం పైనుంచి చూడాలి.

వాస్తవం: లెన్స్ కంటికి ఆనించాలి, ఆకును కోసి లెన్స్ దగ్గరికి తేవాలి. కళ్లజోడు తీయక్కర్లేదు. మీ నీడ ఆకు మీద పడకుండా నిలబడండి, అంతే.

అపోహ: ఆకు ముడుచుకుంటే అది వైరసే, ఇక లెన్స్‌తో పనేముంది?

వాస్తవం: జేబుకు చిల్లు పడేది ఇక్కడే. ఆకు ముడత చూడగానే బొబ్బర (వైరస్ తెగులు) వచ్చిందని కంగారుపడి, షాపువాడు ఏది ఇస్తే అది కలిపి కొట్టేస్తారు. అంచులు పైకి లేచి ఆకు పడవలా తయారైతే తామర పురుగుల్ని అనుమానించాలి. అంచులు కిందికి తిరిగి, తొడిమ సాగితే తెల్లనల్లిని. అనుమానం తీర్చేది మాత్రం లెన్సే. లేత చిగురాకును తిరగేసి ఈనెల పక్కన చూడండి. సుమారు మిల్లీమీటరు పొడవున సన్నగా, పసుపు రంగులో పాకేవి తామర పురుగులు. నల్లి వాటిలో అయిదో వంతు కూడా ఉండదు, గాజు నలుసులా మెరుస్తుంది. 20ఎక్స్‌లో ఓపిగ్గా చూస్తే దాని గుడ్ల మీద వరుసగా తెల్లటి బొడిపెలు కనిపిస్తాయి. వాటిని చూశారంటే ఇక సందేహం లేదు. ఇంకో తమాషా ఏమిటంటే, మగ నల్లి కదలకుండా ఉన్న పిల్ల ఆడ నల్లిని ఎత్తుకుని కొత్త చిగురు మీదికి తీసుకుపోతుంది. ఒకసారి చూస్తే మర్చిపోరు.

ఇంతగా తేడా చూడమనేది ఎందుకంటే, రెంటికీ మందులు వేరు. పురుగుమందులు చాలావరకు నల్లి మీద పనిచేయవు. పైగా సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు పదే పదే కొడితే నల్లిని తినే మిత్ర నల్లులు చచ్చి, అసలు నల్లి విజృంభిస్తుంది. "మందు కొట్టాకే ఎక్కువైందండీ" అని రైతు అంటే నేను ముందు అడిగేది ఏం కొట్టారనే.

అపోహ: ఆకుల్లో ఏమీ కనపడలేదు కాబట్టి చేను శుభ్రం.

వాస్తవం: నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలో దాక్కుంటుంది. మన దేశంలో ఇది తొలిసారి 2015లో బెంగళూరులో బొప్పాయి మీద నమోదైంది. 2021లో మన మిరప మీద పడి ఎంత నష్టం చేసిందో గుంటూరు రైతుకు నేను చెప్పక్కర్లేదు. పువ్వు కోసి తెల్ల కాగితం మీద దులపండి, పడినవాటిని లెన్స్‌తో చూడండి. రెక్కల అంచున వెంట్రుకల కుచ్చు ఉంటే తామరే. తామర పురుగులు గుడ్లు కణజాలం లోపల పెడతాయి, ప్యూపా దశ చాలావరకు మట్టిలో గడుస్తుంది. కాబట్టి ఈరోజు పురుగు లేదన్నంత మాత్రాన వారం తర్వాత ఉండదని కాదు.

అపోహ: లెన్స్ ఉంటే ల్యాబ్ అక్కర్లేదు.

వాస్తవం: వైరస్‌ను ఏ చేతి లెన్సూ చూపించలేదు. దాన్ని మోసుకొచ్చే తెల్లదోమను చూపిస్తుంది. పురుగూ నల్లీ లేకుండా ముడత ఉంటే మొక్కతో సహా లాం ఫాంకు (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రానికి) తీసుకెళ్లి చూపించండి.

అపోహ: కండువాతో తుడిస్తే సరి.

వాస్తవం: గుడ్డలోని దుమ్మే గీతలు పెడుతుంది. ముందు దులిపి, తర్వాత మెత్తటి తడి గుడ్డతో తుడవండి. నీళ్లలో నానబెడితే అద్దాల అతుకుల్లోకి తడి పోతుంది. మందు కొట్టిన చేలో వాడిన రోజున చేతులు కడుక్కున్నాక లెన్స్ చుట్టూ ఉన్న ఫ్రేమును కూడా సబ్బు నీళ్లు తడిపిన గుడ్డతో తుడవండి, రేపు దాన్ని మళ్లీ కంటికే ఆనించాలి.