ఊపిరాడక ఒడ్డుకు

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, మొబైల్ అఖాతపు తూర్పు తీరాన, కొన్ని వేసవి రాత్రుల్లో తెల్లవారకముందే పీతలు, రొయ్యలు, బల్లపరుపుగా ఉండే ఫ్లౌండర్ చేపలు గుంపులు గుంపులుగా నీటి అంచుకు చేరి, మనిషి చేయి చాచినా తప్పించుకోలేనంత నీరసంగా పడి ఉంటాయి. డాఫ్నీ, పాయింట్ క్లియర్ పరిసరాల ప్రజలు దీన్ని జూబ్లీ అంటారు. ఇరుగుపొరుగును నిద్రలేపి మరీ పట్టుకోవడానికి బయలుదేరుతారు. ఇటువంటి దృశ్యాలను దైవమహిమగానో సునామీకి సూచనగానో చెప్పడం తేలిక. కానీ ఆ జీవులు వచ్చేది ఊపిరి కోసమే.

నదుల మంచినీరు అఖాతంలో పైపొరగా నిలుస్తుంది, మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చే ఉప్పునీరు బరువు వల్ల అడుగుకు చేరుతుంది. గాలి, అలలు సద్దుమణిగిన రోజుల్లో ఈ రెండు పొరలూ కలవవు. అడుగున కుళ్లే ఆకులూ అలములను తినే బాక్టీరియా అక్కడి ఆక్సిజన్‌ను వాడేస్తుంది, పైనుంచి కొత్తది దిగదు. అప్పుడు తూర్పు నుంచి మెల్లగా వీచే గాలి పైనీటిని తీరం నుంచి అవతలికి నెడుతుంది. ఆ ఖాళీలోకి అడుగునీరు ఎగబాకుతుంది, పోటు దాన్ని ఇంకా ఒడ్డు వైపు తోస్తుంది. 1960లో హెరాల్డ్ లోష్, 1973లో ఎడ్విన్ మే ప్రచురించిన పరిశోధనలు ఈ ప్రక్రియకు ఆధారాలు.

పైకి ఈదిపోవచ్చు కదా అనిపిస్తుంది. అయితే ఇవి నేలను అంటిపెట్టుకొని బతికే జీవులు. ఆక్సిజన్ లేని నీరు వెనక నుంచి తరుముకొస్తుంటే నేల వెంబడే లోతు తక్కువ చోటికి జరుగుతాయి, చివరికి నీటికీ ఇసుకకూ మధ్య చిక్కుకుంటాయి. గాలి మారినా, నీరు కలిసినా వాటిలో చాలావరకు తేరుకొని లోపలికి వెళ్లిపోతాయి. అందుకే దీన్ని చేపల మూకుమ్మడి మరణంతో కలిపి చూడకూడదు.

ఆంధ్రప్రదేశ్ తీరంలోని కోట, వాకాడు, చిల్లకూరు మండలాల రొయ్యల రైతులకు ఈ సంగతి కొత్తగా తోచదు. మబ్బు పట్టిన పగటి తర్వాత, తెల్లవారుజామున, గుంటల్లో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు గట్ల పక్కకు చేరతాయి. నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగకుండా చూడటానికి రైతులు రాత్రంతా మేలుకుంటారు. అక్కడ నీటిలోని నాచు రాత్రిపూట ఆక్సిజన్‌ను తయారుచేయకుండా పీల్చుకోవడమే ప్రధాన కారణం, మొబైల్‌లో పొరలు కలవకపోవడం. ఫలితం మాత్రం ఒకటే.

దక్షిణాఫ్రికాలోని ఎలాండ్స్ బేలో 1997లో సముద్రంలోని సూక్ష్మమైన నాచు విపరీతంగా పెరిగి కుళ్లడంతో సుమారు 2,000 టన్నుల రాతి ఎండ్రరొయ్యలు (రాక్ లాబ్‌స్టర్లు) ఒడ్డుకెక్కి చనిపోయాయి. అక్కడ తేరుకోవడానికి వాటికి వ్యవధి దొరకలేదు. ఇక వాకాడు మండలంలోని తూపిలిపాలెం వంటి మన తీరం బంగాళాఖాతానికి నేరుగా తెరుచుకొని ఉంది, అలలు నిరంతరం నీటిని కలుపుతుంటాయి. మొబైల్ అఖాతం మాత్రం సగటున మూడు మీటర్ల లోతే ఉండి, మూడు వైపులా నేల చుట్టుకున్నది. గాలి పడిపోయిన రాత్రి పొరలు కదలకుండా నిలవడానికి అలాంటి చోటే కావాలి.