పదిమందిదైనా ధైర్యం ఒక్కటే: ఇంగ్లిష్‌లో తరచూ దొర్లే ఒక పొరపాటు

ఇంగ్లిష్ రాతలు దిద్దడం నా పని. "స్టూడెంట్స్ నాలెడ్జెస్", "పేరెంట్స్ హెల్త్స్" లాంటివి కనిపించని వారం ఉండదు. ఎందుకలా రాశారంటే అందరిదీ ఒకటే జవాబు: "వాళ్ళు చాలామంది కదా!"

అపోహ: ఎవరిదో చెప్పే మాట బహువచనమైతే, దాని వెనకొచ్చే భావనామమూ (ధైర్యం, ఓపిక లాంటి, చేతికి అందని వాటి పేరు) బహువచనం కావాలి.

వాస్తవం: ఎంతమందిదని కాదు, ఆ మాటను ఇంగ్లిష్‌లో లెక్కపెడతారా లేదా అని చూడాలి. నాలెడ్జ్, హెల్త్, కరేజ్, పేషెన్స్ లెక్కకు రావు. వందమందిదైనా "దెయిర్ కరేజ్" అనే రాయాలి. లైఫ్, మైండ్ లెక్కకొస్తాయి, మనిషికొకటి చొప్పున. అందుకే "దే లాస్ట్ దెయిర్ లైవ్స్", "దే చేంజ్‌డ్ దెయిర్ మైండ్స్".

ఇక్కడ మనల్ని తికమక పెట్టేది మన తెలుగే. ఒక్కరు పోయినా "ప్రాణాలు" కోల్పోయారంటాం. నలుగురైనా "మనసు" మార్చుకున్నారంటాం. "మీ ఆరోగ్యాలు జాగ్రత్త" అనడం తెలుగులో తప్పే కాదు. ఆ లెక్క ఇంగ్లిష్‌లో కుదరదు, అంతే. కాబట్టి ఈ తప్పు చేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కారు.

ఒకమ్మాయి ఉద్యోగ దరఖాస్తు చూపించింది. "మై కొలీగ్స్ ట్రస్ట్" అని మొదట సరిగ్గానే రాసింది. ఎవరో చెప్పారని కొట్టేసి "ట్రస్ట్స్" చేసింది. అలా రాస్తే నమ్మకం పోయి, సహోద్యోగులు నడిపే ట్రస్టు సంస్థలనే అర్థం వస్తుంది! రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదట. తెలిసీ తెలియని సూత్రాలు పంచిపెట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది ఇందుకే. మొదటి మాటే ఉంచమన్నాను.

కొన్ని మాటలు రెండు రకాలుగానూ వస్తాయి, అర్థం మారుతుంది. "దెయిర్ ఫియర్" అంటే వాళ్ళ భయం, "దెయిర్ ఫియర్స్" అంటే రకరకాల భయాలు. భార్యాభర్తల గురించి "దెయిర్ మ్యారేజ్" అంటే వాళ్ళిద్దరి పెళ్ళి. "మ్యారేజెస్" అంటే ఎవరి పెళ్ళి వాళ్ళదైపోతుంది. ఇక్కడ మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి.

అపోహ: భావనామాల ముందు అపాస్ట్రఫీ (అక్షరం పైన పెట్టే కామాలాంటి గుర్తు) రాదు, "ఆఫ్" వాడాల్సిందే.

వాస్తవం: అపాస్ట్రఫీ ఎవరిదో చెప్పే మాటకు పెడతాం. స్టూడెంట్స్‌లో ఎస్ తర్వాత, చిల్డ్రన్స్‌లో ఎస్‌కు ముందు. వెనక పేషెన్స్ ఉన్నా పెన్ను ఉన్నా ఒకటే.

అపోహ: "దే లాస్ట్ దెయిర్ టెంపర్" తప్పు, "టెంపర్స్" అనాలి.

వాస్తవం: రెండూ వాడుకలో ఉన్నాయి. అనుమానమొచ్చినప్పుడు నేర్చుకునేవాళ్ళ కోసం వేసిన నిఘంటువు తెరవండి. మాట పక్కన సి ఉంటే లెక్కకొస్తుంది, యు ఉంటే రాదు. రెండూ ఉంటే ఏ అర్థానికి ఏది వేశారో చూడండి.