చదరం కట్టే వేళ

చిన్నూకి, అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం బల్ల మీద సైనికుల బొమ్మలతో ఆడే మన యుద్ధం ఆట మధ్యలో చిన్నూ అలిగి లేచిపోయాడు. "గుర్రాలు వస్తుంటే నా వాళ్లు నాలుగు వైపులకీ తిరిగి చదరం కట్టుకుంటారు కదా, దానికి పాచిక ఎందుకు వెయ్యాలి?" అన్నాడు. మంచి ప్రశ్న. కోపం మీద ఉన్నావని అప్పుడు చెప్పలేదురా.

మన బల్ల మీద 24 బొమ్మలు ఒక పటాలం. అంటే 600 మంది అనుకోండి. నెపోలియన్ కాలపు తుపాకి నిమిషానికి రెండు మూడుసార్లకు మించి పేలదు, వంద గజాలు దాటితే గురి ఉండదు. ఒక్కడు కాలిస్తే లాభం లేదు, అందరూ కలిసి కాల్చాలి. ఇంగ్లీషువాళ్లు రెండే వరసల్లో బారు తీరేవాళ్లు కాబట్టి 600 తుపాకులూ పేలేవి. అదే 600 మందిని ఫ్రెంచివాళ్ల కాలమ్‌లా తొమ్మిది వరసల్లో పేర్చండి. ముందు రెండు వరసలే కాల్చగలవు, సుమారు 130 తుపాకులు. మరి కాలమ్ ఎందుకంటారా? నూట అరవై మీటర్ల బారు చేలల్లో, కంచెల మధ్య నడిస్తే నాలుగడుగులకే వంకర్లు పోతుంది. కాలమ్ చెదరకుండా చకచకా కదులుతుంది. మన రూల్లో బారుకి ఆరంగుళాలు, కాలమ్‌కి తొమ్మిది ఇచ్చింది అందుకే.

ఇక చదరం. నాలుగు వైపులా నాలుగేసి వరసలు. ముందువాళ్లు మోకాలి మీద కూర్చుని తుపాకి మడమ నేలకి ఆనించి, దాని కొసన బిగించిన కత్తి, అంటే బాయినెట్టు, మొన పైకెత్తి పడతారు. రౌతు ఎంత అదిలించినా ఆ మొనల మీదికి గుర్రం దూకదు. వాటర్లూ యుద్ధంలో 1815 జూన్ 18 మధ్యాహ్నం ఫ్రెంచి గుర్రపు దళాలు మళ్లీ మళ్లీ వచ్చి ఇంగ్లీషు చదరాల చుట్టూ తిరిగాయే కాని ఒక్కదాన్నీ విడగొట్టలేకపోయాయి.

కాని చదరం కట్టడానికి సమయం పడుతుంది చిన్నూ! వాటర్లూకి రెండు రోజుల ముందు, కాత్ర్ బ్రా అనే చోట ఇంగ్లీషువాళ్ల 69వ పటాలానికి జరిగింది అదే. నిలువెత్తు రై ధాన్యపు చేను, అవతల ఏముందో కనపడదు. చదరం కడుతుండగా మళ్లీ బారు తీరమని పై నుంచి ఆజ్ఞ వచ్చింది. అంతలో ఉక్కు కవచాలు తొడిగిన ఫ్రెంచి రౌతులు మీద పడ్డారు. పటాలం చెదిరింది, జెండా శత్రువు చేతికి పోయింది. మన పాచికలో ఉన్నది ఆ కొద్ది క్షణాలే. రౌతులు ఎంత దగ్గరికొచ్చాక చదరం కడతానని అడిగితే అంత పెద్ద అంకె పడాలి. నువ్వు అడిగింది నాలుగంగుళాల దూరంలో.

అలాగని ముందే కట్టేసుకుని కూర్చుంటే ఫిరంగికి పండగే. గుండు ఒకవైపు దూరి, రెండోవైపు వాళ్లనీ పడగొట్టి పోతుంది. వాటర్లూ కూడలి దగ్గర చదరంలోనే నిలిచిన 27వ పటాలంలో సగానికి పైగా చనిపోయారు, గాయపడ్డారు. ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. వాళ్ల గురించి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఎర్ర కోటు ఇంగ్లీషు బొమ్మని చేతిలోకి తీసుకున్నప్పుడు కొంచెం మెల్లగా పెట్టండి.

బల్ల కదపలేదు, గుడ్డ కప్పి ఉంచాను. ఒక ఎత్తు వెనక్కి వెళ్దాం. చిన్నూ, నీ పటాలం బారులో ఉంది. అమ్ములు రౌతులు గుట్ట పక్కన, నీకు పన్నెండు అంగుళాల దూరంలో. ఆమె ఫిరంగులు రెండు ఎడమ వైపు నుంచి నిన్నే చూస్తున్నాయి. శనివారం వచ్చేలోపు ఏం చేస్తావో ఆలోచించుకో.

మీ తాతయ్య