హైదరాబాద్ నుంచి దుబాయ్: పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలా?

నేను ఫ్లైట్ డిస్పాచర్‌ని. విమానం ఏ రూట్ల పోవాలె, ఎంత ఫ్యూయల్ వేసుకోవాలె, పైన గాలి ఎట్లుంది, వాతావరణం బాలేకపోతే ఏ ఎయిర్‌పోర్ట్‌కి మళ్లాలె, ఇవన్నీ లెక్కగట్టి పైలట్‌కి ప్లాన్ ఇచ్చే పని. మా జగిత్యాల దిక్కు గల్ఫ్‌కి పోయినోళ్లు చానామంది, అందుకే ఊరికి పోతే అందరూ అడిగేది దుబాయ్ టైమ్ గురించే.

అపోహ: పోయేటప్పుడు రెండున్నర గంటలే, వచ్చేటప్పుడు ఐదు.

టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే ఉంటది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. ఉదాహరణకి ఇక్కడ పొద్దున 10కి బయల్దేరితే అక్కడ 12:30కి దిగుతది అని ఉంటది, కానీ అప్పటికి మన దగ్గర మధ్యాహ్నం 2 అయిపోయింది, అంటే నాలుగు గంటల ప్రయాణం. వచ్చేటప్పుడు అక్కడ రాత్రి 10కి ఎక్కి ఇక్కడ తెల్లారుజామున 3కి దిగితే ఐదు గంటలు అనిపిస్తది, గంటన్నర తీసేయండి, మూడున్నరే. మా చుట్టాల్లో షుగర్ ఉన్న ఒక పెద్దమ్మ రెండున్నర గంటలే కదా అని ఏం తినకుండా ఎక్కింది, దిగేసరికి కళ్లు తిరిగినయి. మందుల గురించి డాక్టర్‌ని అడిగేటప్పుడు దయచేసి అసలు గంటలు చెప్పండి, ఇంటి నుంచి శంషాబాద్ దాకా పట్టే టైమ్, అక్కడ చెకిన్‌కి మూడు గంటల ముందు పోయేది కూడా కలిపి.

అపోహ: ఆ మిగతా అరగంట తేడా భూమి తిరగడం వల్ల.

కాదు. భూమితో పాటే గాలీ తిరుగుతది, విమానం ఆ గాలిలోనే ఎగురుతది. అసలు కారణం పైన వీచే గాలే. చలికాలంలో 35 వేల అడుగుల దగ్గర గాలి పడమటి నుంచి తూర్పుకి జోరుగా వీస్తది. విమానం వేగం గంటకి 850 కిలోమీటర్లు, గాలి 100 అనుకోండి, పోయేటప్పుడు నేల లెక్కన 750 అయితది, వచ్చేటప్పుడు 950. దూరం సుమారు 2,550 కిలోమీటర్లు కాబట్టి ఒక్క గాలితోనే 40 నిమిషాల తేడా వస్తది! వానాకాలంలో దక్షిణాది మీద పైగాలి తూర్పు నుంచి వీస్తది, అప్పుడీ తేడా బాగా తగ్గిపోతది, అందుకే ప్రతి ఫ్లైట్‌కి గాలి లెక్క కొత్తగా చూసుకుంటం.

అపోహ: కిలోమీటర్లని స్పీడ్‌తో భాగిస్తే టైమ్ వచ్చేస్తది.

హైదరాబాద్-వైజాగ్ గాల్లో సుమారు 510 కిలోమీటర్లు, అట్ల భాగిస్తే 36 నిమిషాలు రావాలె, టికెట్ మీద మాత్రం గంటా పావు దాకా ఉంటది. ఎక్కడం, దిగడం నిదానంగా జరుగుతయి, మధ్యలో ఫుల్ స్పీడ్‌లో పోయేది కాసేపే, పైగా టికెట్ టైమ్‌లో రన్‌వే దాకా పోవడం, దిగినంక స్టాండ్‌కి రావడం కూడా కలిసే ఉంటయి.

అపోహ: లేటైతే పైలట్ స్పీడ్ పెంచి కవర్ చేస్తడు.

ఏ320 రకం విమానం మామూలుగా ధ్వని వేగంలో 78 శాతం దగ్గర పోతది, దాటకూడని హద్దు 82. దుబాయ్ దాకా కాస్త పెంచినా మిగిలేది ఓ ఐదు నిమిషాలు, ఫ్యూయల్ మాత్రం బాగా కాలుతది. అందుకే మనోళ్లని తీసుకురావడానికి జగిత్యాల నుంచి కారేసుకుని వచ్చేవాళ్లు ముందు ఫ్లైట్ నంబర్ కొట్టి ఎప్పుడు లేచిందో చూసుకోండి, దిగినంక కూడా ఇమిగ్రేషన్, బ్యాగులు అయ్యి మనిషి బయటికి రావడానికి గంట దాకా పట్టొచ్చు.