సంగిడి రాయి నుంచి స్నాచ్ దాకా: ఉత్తరాంధ్ర వెయిట్‌లిఫ్టింగ్ వెనుక లెక్కలు

2000 సెప్టెంబరు 19న సిడ్నీలో, 69 కిలోల విభాగంలో కరణం మల్లేశ్వరి స్నాచ్‌లో (నేలమీంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకు, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గరే తేలాయి. ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకు వెళ్లారు, అది నిలవలేదు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన ఆ కాంస్యం, ఒలింపిక్స్‌లో భారత మహిళ గెలిచిన తొలి పతకం. ఆ పతకాన్ని మన జిల్లాలు ఇప్పటికీ బలం కథగానే చెప్పుకుంటున్నాయి. పిల్లల్ని ఎంచుకోవడం, సాధన చేయించడం కూడా ఆ లెక్కమీదే జరుగుతోంది. పరిశోధన మాత్రం చాలాకాలంగా వేరే విషయం చెబుతోంది.

బలాన్ని గౌరవించడం ఇక్కడ పాత అలవాటు. పండగల్లో సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు, తాలింఖానాల్లో సాములు, వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామం నేర్పిన కోడి రామమూర్తి... శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే ఉంది. గుండెలతో గొలుసులు తెంచడం, కార్లను పట్టి ఆపడం ఆయన చూపిన విద్యలు. వాటిలో కండరానికి బలమంతా కూడగట్టుకునే వ్యవధి దొరుకుతుంది. స్నాచ్‌లో అది లేదు. బార్ (బరువులు తగిలించే కడ్డీ) నేల వదిలి గరిష్ఠ ఎత్తుకు చేరడానికి పట్టేది సుమారు ఒక సెకను. అందులో అసలు వేగం పుట్టే రెండో పుల్, అంటే బార్ మోకాళ్లు దాటాక లాగే లాగుడు, సెకనులో ఐదో వంతు కూడా ఉండదు. ఎంత బలం ఉందన్నది ఒక ప్రశ్న, ఆ కాస్త వ్యవధిలో అందులో ఎంత బయటికి వస్తుందన్నది మరో ప్రశ్న.

ప్రపంచంలోనూ ఈ ఆట బలప్రదర్శనలకు దగ్గరగానే మొదలైంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ వరకు ప్రెస్ అనే మూడో లిఫ్ట్, అంటే భుజాల దగ్గరి బరువును చేతులతో తలపైకి నెట్టడం, ఉండేది. లిఫ్టర్లు నడుము వెనక్కి వంచి బరువు నెట్టేవారు, ఏది సరైన లిఫ్టో తేల్చడం న్యాయనిర్ణేతలకు కష్టమయ్యేది. దాన్ని తీసేశాక వేగంగా లాగే రెండు లిఫ్టులే మిగిలాయి.

1979లో పరిశోధకుడు రోజర్ ఎనోకా క్లీన్ పుల్‌ను, అంటే క్లీన్‌లో బార్‌ను నేలమీంచి పైకి లాగే భాగాన్ని, బలాన్ని కొలిచే పలకమీద పరిశీలించారు. లిఫ్టర్ పాదాలు నేలను ఒకే తీరుగా నొక్కవని, మొదట గట్టిగా నొక్కి, మధ్యలో తేలికపడి, మళ్లీ గట్టిగా నొక్కుతాయని చూపించారు. ఆ మధ్య తేలికపాటుదనమే ఈ విద్యకు గుండెకాయ. బార్ మోకాళ్లు దాటగానే, అప్పటిదాకా తెరుచుకుంటున్న మోకాళ్లు మళ్లీ కొద్దిగా ముడుచుకుని బార్ కిందికి వస్తాయి. నడుము నిటారవుతుంది, బార్ తొడలకు చేరువవుతుంది. తొడ కండరాలు ఒక్క క్షణం సాగి, వెంటనే ముడుచుకుంటూ రెండో పుల్‌కు ఊపు ఇస్తాయి. దీన్ని విడిగా మాటల్లో చెప్పి చేయించబోతే పిల్లలు మధ్యలో ఆగిపోతారు. ఖాళీ బార్‌తో, మోకాలి పైనుంచి, మూడేసి సార్లు చేయించి, బార్‌ను ఒంటికి దగ్గరగా ఉంచమంటే చాలావరకు దానంతట అదే వస్తుంది.

చెడేది కూడా సాధారణంగా ఇంతకన్నా ముందే. నేలమీంచి లాగేటప్పుడు భుజాలకన్నా తుంటి ముందు లేస్తే కాళ్లు చేయాల్సిన పని నడుముమీద పడుతుంది. మోచేతులు తొందరపడి మడిస్తే కాళ్ల ఊపు బార్‌కు చేరదు. తుంటితో బార్‌ను బలంగా కొడితే అది ముందుకు ఎగురుతుంది, లిఫ్టర్ దాని వెనుక పరుగెత్తాల్సి వస్తుంది.

మహిళల లెక్కలు ఆలస్యంగా వచ్చాయి, ఎందుకంటే వారి తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగిందే 1987లో. 1991లో పరిశోధకుడు జాన్ గర్‌హామర్ ప్రచురించిన పోలికలో రెండో పుల్ శక్తి పురుషుల్లో శరీర బరువు కిలోకు 52.6 వాట్లు, మహిళల్లో 39.2 వాట్లు. మొత్తం పుల్ తీసుకుంటే 34.3, 21.8. ఇద్దరిలోనూ రెండో పుల్ విలువే బాగా ఎక్కువన్నది ఇక్కడ పట్టుకోవాల్సిన సంగతి.

నెల్లిమర్ల మండలం కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 83, 105 ఎత్తారు. డోపింగ్‌లో మొదటి స్థానం రద్దయ్యాక ఆమె పతకం రజతమైంది. ఆమె స్నాచ్ బరువు, క్లీన్ అండ్ జెర్క్ బరువులో 79 శాతం. మల్లేశ్వరిది సిడ్నీలో దాదాపు 85 శాతం. టోక్యోలో రజతం గెలిచిన మీరాబాయి చానుది 87, 115, అంటే 76 శాతం లోపే. 80 చుట్టుపక్కల ఉంటే మామూలు. బాగా తగ్గితే కాళ్లలో బలముండి కూడా స్నాచ్‌లో పోతోందని అర్థం, చూడాల్సింది భుజాలు ఎంత సులువుగా వంగుతున్నాయో, బార్ ఏ దారిలో పోతోందో. అలాంటి అమ్మాయికి ఇంకా స్క్వాట్లు (భుజాలమీద బరువుతో కూర్చుని లేవడం) పెంచితే ఆ తేడా మరింత పెరుగుతుంది.

సామాను సంగతి చిన్నదనిపిస్తుంది, కాదు. మహిళల బార్ 15 కిలోలు, మందం 25 మిల్లీమీటర్లు. పురుషులది 20 కిలోలు, 28 మిల్లీమీటర్లు. పురుషుల బార్ మీదే సాధన చేసే చోట, బొటనవేలిని లోపల పెట్టి మిగతా వేళ్లతో బిగించే పట్టు చిన్న చేతులకు పూర్తిగా అందదు. పట్టు జారుతుందన్న భయంతో అమ్మాయి మోచేతులు ముందే మడుస్తుంది. పోటీ ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, అంటే బార్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తులో మొదలవుతుంది. చిన్న ఇనుప ప్లేట్లతో నేర్పితే బార్ కిందికి దిగి, వీపు గుండ్రమవుతుంది. అదే అలవాటవుతుంది. రెండు పక్కలా చెక్క దిమ్మలు వేసి ఎత్తు సరిచేస్తే చాలు.

బలాన్ని కొలిచే పలక లేకపోయినా ఫోన్ ఉంది. సెకనుకు 30 ఫ్రేములతో తీస్తే రెండో పుల్‌కు నాలుగైదు బొమ్మలే వస్తాయి. 240 ఫ్రేములతో అయితే ముప్పై దాటుతాయి. ఫోన్‌ను తుంటి ఎత్తులో, సరిగ్గా పక్కనుంచి, నాలుగైదు మీటర్ల దూరంలో కదలకుండా నిలబెట్టాలి. బార్ చివర గుర్తు పెట్టి చూస్తే, మంచి లిఫ్ట్‌లో అది మొదట లిఫ్టర్ వైపు, తర్వాత కొద్దిగా బయటికి, చివర మళ్లీ లోపలికి వెళ్తుంది. పట్టేచోటు మొదలైనచోటుకన్నా ముందుకు పడుతుంటే బరువు పెంచడం ఆపాలి.

బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారన్న భయం మాత్రం వదిలేయొచ్చు. పక్కన శిక్షకుడుండి, బరువును మెల్లగా పెంచే సాధన ఎదుగుదలను ఆపుతుందనడానికి ఆధారం లేదు. దెబ్బతీసేది తిండి తగ్గడం. బరువు విభాగం కోసం పస్తులుండే అమ్మాయిల ఎముకలు, హార్మోన్లు, శక్తి ఎలా దెబ్బతింటాయో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే ఏకాభిప్రాయ పత్రంగా వెల్లడించింది. నెలసరి వరుసగా మూడు నెలలు రాకపోతే, అదీ మామూలే అనుకోకుండా, బరువు తగ్గించే ప్రయత్నం ఆపి డాక్టర్‌కు చూపించాలి. ఆ మాట అమ్మాయి సంకోచం లేకుండా చెప్పగలిగే ఒక మహిళ ప్రతి శిక్షణ చోటా ఉండాలి.