తూటా గుల్లకి చింతపండు పులుసు

ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడిలో మా ఇంట్లో ఒక ఇత్తడి బిందె ఉంది. మెడ దగ్గర నిలువునా పగిలింది. ఎవరూ కింద పడెయ్యలేదు, ఎక్కడా సొట్ట లేదు. ఒక ఏడాది వానాకాలమంతా పశువులసాల అటక మీద పెట్టి, దసరాకి దింపితే పగులు కనిపించింది. జానెడు గీత, సూదితో గీసినంత సన్నం. "దిష్టి తగిలిందర్రా" అంది మామ్మ. ఆ గీత గుట్టు నాకు చాలా ఏళ్ళ తరవాత, తుపాకి తూటాల గురించి చదువుతుంటే దొరికింది. బిందెకీ తూటాకీ ఏమిటి సంబంధమంటే, కొంచెం దూరం నుంచి రావాలి.

కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు మమ్మల్ని ఫైరింగ్‌కి తీసుకెళ్ళేవారు. పాయింట్ టూటూ రైఫిలు, మనిషికి అయిదు రౌండ్లు. కాల్చడం అయిదు నిమిషాలు. ఆ తరవాత గడ్డిలో మోకాళ్ళ మీద పాకుతూ ఖాళీ గుల్లలు, అంటే గుండు ఎగిరిపోయాక మిగిలిన ఇత్తడి గొట్టాలు, ఏరడం అరగంట. "ఖోకా గినో!" అని హవల్దారు అరుపు. ఎన్ని తూటాలిచ్చారో అన్ని గుల్లలూ లెక్కకి తేలాలి. ఒకటి తగ్గిందా, అందరూ మళ్ళీ గడ్డిలోకే. అలా ఏరుతూ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాను. చిటికెన వేలి గోరు వెడల్పు కూడా లేదు. మూతి చుట్టూ కాటుక దిద్దినట్టు మసి. అడుగున అంచు మీద పిన్ను పొడిచిన గంటు. ముక్కు దగ్గర పెట్టుకుంటే దీపావళి మర్నాటి వీధి వాసన. ఇంటికొచ్చి చెప్తే మామ్మ ఒకటే మాట: "ఇత్తడే కదేటి? చింతపండెట్టి తోమితే పోద్ది."

ఆ మాటలో తప్పేం లేదు. 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు కలిపిన ఇత్తడికి లోహశాస్త్రంలో పేరే కార్ట్రిడ్జ్ బ్రాస్, అంటే తూటా ఇత్తడి. రేకు సాగదీసి చేసే బిందెల ఇత్తడి దానికి దగ్గర చుట్టం. ఆ పాళ్ళకి ఒక కారణం ఉంది. జింకు 30 దగ్గర ఉన్నప్పుడు ఇత్తడి బాగా సాగుతుంది. బిళ్ళని గిన్నెగా, గిన్నెని గొట్టంగా లాగినా చిరగదు. ఇంకా జింకు పోస్తూ పోతే లోపల మరో రకం గట్టి స్ఫటికం పుట్టి ఆ సాగుడు పోతుంది. లాగిన ప్రతిసారీ లోహం బిర్రుగా తయారవుతుంది కాబట్టి మధ్యమధ్యలో కాల్చి మెత్తబరుస్తారు. సరిహద్దు దాటితే శ్రీకాకుళం జిల్లా బుడితి, ఇటు గంజాం జిల్లాలో ఒళ్ళు వంచే ఇత్తడి చేపలు చేసే బెళ్ళగుంఠ. ఇత్తడి పని చేసే ఊళ్ళు మాకు రెండు వైపులా ఉన్నాయి. కొడితే లోహం మొండికేస్తుందని, నిప్పు చూపిస్తే మాట వింటుందని అక్కడ వేరే చెప్పక్కర్లేదు.

తూటా పేలినప్పుడు రైఫిలు గదిలో, అంటే తూటా కూర్చునే చోట, పీడనం మామూలు గాలి పీడనానికి 3,000 నుంచి 4,000 రెట్లకి చేరుతుంది. ఆ క్షణంలో గుల్ల ఉబ్బి గది గోడకి అతుక్కుని, వేడి వాయువు వెనక్కి రాకుండా బిరడా అవుతుంది. పీడనం పోగానే వెంట్రుకవాసి ముడుచుకుని గోడని వదిలేస్తుంది. ఉబ్బాలి, మళ్ళీ వెనక్కి రావాలి. ఈ రెండు గుణాలూ ఒకేచోట ఉన్న చవక లోహం కాబట్టే నూటయాభై ఏళ్ళుగా ఇత్తడి ఆ పనిలో ఉంది.

అమెరికా లాంటి దేశాల్లో గురి పందేలవాళ్ళు కాల్చిన గుల్లల్ని పారెయ్యరు. శుభ్రం చేసి, కొలతకి సరిచేసి, కొత్త ప్రైమరూ (పిన్ను తగలగానే మందుని అంటించే చిన్న మూత) మందూ గుండూ పెట్టి మళ్ళీ వాడతారు. ఒక్క గుల్ల ఎన్నోసార్లు పనికొస్తుంది. తూటాలో ఖరీదైన భాగం అదే మరి. మన దగ్గర ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చెయ్యడం నేరం. నేను చెప్పేది తోమడం గురించే. అందులోనే బోలెడంత రసాయనశాస్త్రం ఉంది.

గుల్లకి పట్టిన మురికి మూడు రకాలు. మందు కాలిన మసి, ప్రైమర్ వదిలిన బూడిద, ఇత్తడికి దానంతటదే పట్టే నలుపు. మొదటి రెండింటి సంగతి తరవాత. మూడోదే మామ్మ ఎరిగినది. ఇత్తడి నల్లబడటమంటే పైపొరలోని రాగి గాలితో కలిసి ఆక్సైడు కావడం. ఇది నీళ్ళకి కరగదు, సబ్బుకి లొంగదు, పులుపుకి లొంగుతుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం దండిగా ఉంది, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం. ఆక్సైడు కరిగి రాగి అయాన్లు నీళ్ళలోకి రాగానే ఈ ఆమ్లాల అణువులు వాటిని పీత డెక్కలతో పట్టినట్టు పట్టేసుకుంటాయి. ఇది నా పోలిక కాదు. రసాయనశాస్త్రంలో ఈ పట్టుకి పెట్టిన కీలేషన్ అనే పేరే పీత డెక్క అనే గ్రీకు మాట నుంచి వచ్చింది. అలా పట్టుబడిన రాగి మళ్ళీ ఇత్తడి మీదికి చేరడం కష్టం. తోమిన నీళ్ళు ఆకుపచ్చగా తిరిగేది అందుకే. గంధకం తగిలి పట్టిన నలుపుకి మాత్రం పులుపు చాలదు. అక్కడ కొబ్బరి పీచూ, ముగ్గుపిండీ, మోచేతి సత్తువా కావాలి.

గుల్లలు కడిగేవాళ్ళ వంటకం కూడా ఇదే. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అని దొరికేదే సిట్రిక్ ఆమ్లం. లీటరు గోరువెచ్చటి నీళ్ళకి ఒక టీ చెంచా, రెండు చుక్కల గిన్నెల సబ్బు, పది నిమిషాలు. తరవాత మంచినీళ్ళతో రెండు మూడుసార్లు జాడించి నీడన ఆరబెట్టడం. పది నిమిషాలంటే పదే. మామ్మ చెంబుకి చింతపండు పూసి, పొయ్యి మీద పప్పు పొంగుతోందని వెళ్ళి మరిచిపోయిన రోజున చెంబు గులాబి రంగుకి తిరిగేది. "రాగి బయటపడింది" అనేది. అక్షరాలా నిజం. నలుపు పొరలో కలిసి ఉండే ఎర్ర ఆక్సైడు ఆమ్లంలో కరిగేటప్పుడు అందులో సగం రాగి లోహంగానే మిగిలిపోతుంది; నీళ్ళలోకి వచ్చిన రాగి కూడా కొంత ఇత్తడి పైనున్న జింకుని బయటికి నెట్టి ఆ చోట్లో తాను కూర్చుంటుంది. చెంబుకైతే అది పైపూత, మళ్ళీ తోమితే పోతుంది. తూటా గుల్ల మీద రుద్దినా పోని గులాబి మచ్చ, దాని మధ్య చిన్న గుంట కనిపిస్తే మాత్రం అక్కడ జింకు తినేసి లోహం గుల్లబారిందని అర్థం. దాన్ని పక్కన పడెయ్యాలి.

పులుపులో ఉప్పు వేస్తే ఇంకా తొందరగా మెరుస్తుంది. ఆ మెరుపుని నేను నమ్మను. ఉప్పులోని క్లోరైడు సందుల్లో మిగిలిపోయి, తేమ తగలగానే మళ్ళీ తినడం మొదలుపెడుతుంది. గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున ఇల్లున్నవాళ్ళని అడగండి, తలుపు గొళ్ళేలకి ఎంత తొందరగా చిలుము పడుతుందో.

ఇక మసి. దానికి రుద్దుడే మందు. వేల గుల్లలు చేత్తో రుద్దలేరు కాబట్టి తిరిగే డ్రమ్ములో వేసి దొర్లిస్తారు, తోడుగా మొక్కజొన్న బెండు నూక. మా గజపతి జిల్లా కొండవార ఊళ్ళలో గింజలు ఒలిచిన బెండు పొయ్యిలోకి పోతుంది. కానీ బెండులో చెక్కలా గట్టిగా ఉండే పొరని నూకగా కొడితే మసిని గీకేంత కరుకూ ఉంటుంది, జిడ్డు పీల్చే గుణమూ ఉంటుంది. ఇత్తడిని మాత్రం పెద్దగా కొయ్యదు. ఇంకో పద్ధతిలో ఒక మిల్లీమీటరు మందం స్టెయిన్‌లెస్ స్టీలు పుల్లముక్కలు, సబ్బునీళ్ళు, నిమ్మ ఉప్పు వేసి గంటా రెండు గంటలు దొర్లిస్తారు. గుల్ల లోపలా బయటా కంసాలి చేతిలోంచి అప్పుడే వచ్చినట్టు ఉంటుంది. మరీ అంత శుభ్రం కూడా మంచిది కాదనేవాళ్ళున్నారు. మెడ లోపల మిగిలే పలచటి మసి గుండు జారడానికి కందెనలా పనికొస్తుంది. అదీ పోతే ఇత్తడికీ గుండుకీ మధ్య పట్టు ఎక్కువవుతుంది. మెరుపు చూసి మురిసిపోయేవాళ్ళ కంటే వీళ్ళ మాటే నాకు నచ్చింది.

ప్రైమర్ బూడిద దగ్గర సరదా లేదు. మామూలు ప్రైమర్లలో లెడ్ స్టిఫ్నేట్, బేరియం నైట్రేట్, ఆంటిమొనీ సల్ఫైడు ఉంటాయి. పేలాక సీసం గుల్ల లోపల దుమ్ముగా మిగులుతుంది. పొడి నూకలో దొర్లించి జల్లెడ పట్టినప్పుడు ఆ దుమ్మే ముక్కులోకి పోతుంది. సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుందని తెలిసిందే కదా. కాబట్టి ఆరుబయట, మాస్కు కట్టుకుని, ఇంటి గిన్నెలూ వంటగది పంపూ దరిదాపుల్లో లేకుండా ఆ పని చెయ్యాలి. కడిగిన నీళ్ళు నూతి గట్టున పారబోసేవి కావు. ఇంకా పాతకాలం ప్రైమర్లలో పాదరసం ఉండేది. బంగారు ఉంగరానికి పాదరసం అంటితే ఏమవుతుందో కంసాలిని అడిగితే చెప్తాడు. ఇత్తడికీ అదే గతి, లోహపు రేణువుల మధ్య సందుల్లోకి దూరి పెళుసు చేసేది. నల్ల తుపాకిమందు రోజుల్లో బోలెడంత మసి ఆ పాదరసాన్ని తనతో పట్టుకుపోయేది. పొగలేని మందు వచ్చాక మసి తగ్గింది, పాదరసం తిన్నగా ఇత్తడికే అంటింది. మురికి తగ్గితే గుల్ల పాడైందన్నమాట!

పైకి మురికిలా కనిపించేదంతా మురికి కాదు. సైన్యం వాడే తూటాల మెడ దగ్గర తరచూ నీలం, గోధుమ కలిసిన పట్టీ ఒకటి ఉంటుంది. మాడినట్టుంది కదా అని రుద్దబుద్ధేస్తుంది. కార్ఖానాలో మెడని చివరిసారి కాల్చి మెత్తబరిచిన గుర్తు అది. గుండుని పట్టుకునే మెడ మెత్తగా ఉండాలి. పీడనం కాసే అడుగు బిర్రుగా ఉండాలి. అడుక్కి కూడా వేడి తగిలి మెత్తబడితే తుపాకి పట్టినవాడి మొహానికే ప్రమాదం. కడిగిన గుల్లల్ని తొందరగా ఆరాలని మంట మీద పెట్టకూడదు అనేది ఇందుకే.

మెడని ఎందుకంత జాగ్రత్తగా మెత్తబరుస్తారో చెప్తే మా బిందె దగ్గరికి వచ్చినట్టే.

బ్రిటిష్ సైన్యం వానాకాలంలో కదలిక తగ్గించుకున్నప్పుడు మన దేశంలో తూటాల పెట్టెల్ని గుర్రపుసాలల్లో దాచేది. వానలు వెలిశాక తీసి చూస్తే చాలా గుల్లలు పగిలి ఉండేవి, ముఖ్యంగా మెడ గుండుని బిగించి పట్టుకున్న చోట. ఎవరూ కాల్చలేదు, కొట్టలేదు. ఆ రుతువులో వచ్చే జబ్బన్నట్టు దీనికి సీజన్ క్రాకింగ్ అనే పేరు స్థిరపడింది. కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు తేల్చారు. గుర్రాల మూత్రం. అందులోని యూరియాని సూక్ష్మజీవులు విరగ్గొడితే అమోనియా వస్తుంది. తేమ పట్టిన ఇత్తడి మీద అమోనియా చేరితే రాగిని నీలి రంగు సమ్మేళనంగా లాగేస్తుంది. అదీ రేణువుకీ రేణువుకీ మధ్య గీత వెంబడే. లోహంలో లాగుడు లేకపోతే ఆ గీత అక్కడే ఆగుతుంది. లాగుడుంటే గీత నోరు తెరుస్తుంది, తెరిచిన నోట్లోకి అమోనియా మళ్ళీ దిగుతుంది.

లాగుడంటే ఏమిటి? బుట్ట అల్లేవాడు వంచి కట్టిన వెదురు బద్దని చూడండి. పైకి కదలదు మెదలదు, లోపల మాత్రం తిన్నగా అయిపోవాలని గింజుకుంటూనే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు లాగి, వంచి, కొట్టిన ఇత్తడీ అంతే. కంటికి కనపడని ఆ గింజులాటని బయటపెట్టడానికి ఒక పరీక్ష ఉంది. మెర్క్యురస్ నైట్రేట్ ద్రావణంలో ముంచుతారు. లోపల ఒత్తిడి మిగిలి ఉంటే పాదరసం రేణువుల మధ్యకి దిగి, నిమిషాల్లో పగులు పైకి తేలుతుంది. ఒత్తిడిని పోగొట్టడానికి కాల్చడమే దారి. జింకు 15 పాళ్ళ లోపు ఉన్న ఇత్తడిని ఈ జబ్బు పెద్దగా పట్టించుకోదు. 30 పాళ్ళదాన్ని బాగా పట్టించుకుంటుంది.

సీసాల్లో దొరికే కొన్ని ఇత్తడి పాలిష్‌లలో అమోనియా ఉంటుంది. గుడ్డతో ఒక్క తుడుపుకే అద్దంలా మెరుస్తుంది. గోడకి తగిలించే పళ్ళేనికి ఫరవాలేదు. తూటా గుల్లకి మాత్రం తగలనివ్వరు. ఎందుకంటే గుండుని బిగించి పట్టుకున్న మెడలో లాగుడు పెట్టెలో ఉన్నంతకాలం ఉంటుంది. మూలల్లో కాస్త అమోనియా మిగిలితే చాలు. నిమ్మ ఉప్పు గెలిచింది ఇక్కడే. దానికి చింతపండు ఎంత దూరం? వీధి చివర కొట్లో తెంతులి అని ఒడియాలో అడిగినా, చింతపండు అని అడిగినా పొట్లం కట్టి ఇస్తాడు.

మా పశువులసాలలో గుర్రాలు లేవు. రెండు ఆవులు, ఒక గేదె. నాలుగు నెలల వాన, కింద తడిసిన పేడా మూత్రమూ, పైన గాలాడని అటక. రాత్రిపూట సాల తలుపు తీస్తే కళ్ళు మండేవి, అదే అమోనియా. బిందె మెడ దగ్గర రేకుని ఒక్కసారిగా లోపలికి నొక్కి మళ్ళీ బయటికి తిప్పుతారు. బిందె మొత్తంలో లోహం ఎక్కువ బాధపడేది అక్కడే. పగులు సరిగ్గా అక్కడే ఉంది. మొన్న వెళ్ళినప్పుడు దీపం దగ్గర పెట్టి చూశాను. అంచులు వంగలేదు, సాగలేదు, ఎండిన చింతగింజ పొట్టు చీలినట్టుంది. గోటితో కొడితే టంగుమనాల్సిన బిందె డబ్బుమంది.

పాత ఇత్తడి కొనేవాడు రెండుసార్లు వచ్చి అడిగాడు, అమ్మ ఇవ్వనంది. ఇప్పుడది పొయ్యి పక్కనుంది, నిండా మొక్కజొన్న బెండ్లతో.